పాటకి మర్యాద

బ్రాంప్టన్‌లోని ఆ పోర్చుగీస్ రెస్టారెంట్లో లైట్లు తగ్గాయి. ఆమె నోటిదాకా తెచ్చుకున్న చేపముక్క, భర్త చూపు తగలగానే మళ్లీ ప్లేట్లోకి దిగింది.

“ఫోర్కు కింద పెట్టు. వాళ్ల ఫాదో పాట పాడేటప్పుడు తినకూడదు, మాట్లాడకూడదు. మా ఆఫీసులో పోర్చుగీసాయన మరీమరీ చెప్పాడు.”

“చల్లారిపోతుందండీ.”

“చల్లారనీ. పాటకి మర్యాద ఇవ్వాలా, వద్దా?”

నల్ల శాలువా కప్పుకున్న గాయని పాడినంతసేపూ ఆయన ఊపిరి కూడా మెల్లిగానే తీసుకున్నాడు. చప్పట్లయ్యాక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

“ఒక్క ముక్కైనా అర్థమైందా మీకు?”

“భాషతో పనేముంది? ఆ గొంతులో దిగులు తెలియట్లా? ఇంతమంది మధ్యా ఆవిడ ఒక్కతే అనిపించింది నాకు.”

“మొన్న నేను కీర్తన ఎత్తుకుంటే, చరణం మధ్యలో వచ్చి చారులో ఉప్పు వేశావా అని అడిగారు.”

“అది ఇల్లు కదోయ్!”

“ఇక్కడికీ అందరూ భోజనానికే వచ్చారు.”

“వచ్చినా, పాట మొదలైతే నోరెత్తరు. అదీ సంస్కారమంటే.”

“పాతికేళ్లుగా వంటింట్లో పాడుతున్నాను. నా గొంతులో ఏముందో ఎప్పుడైనా తెలిసిందా? తెలుగులో పాడటమే నా తప్పేమో.”

ఆయన ముఖం కందగడ్డయింది. ఏదో చెప్పబోతుండగా గిటార్లు మోగాయి, లైట్లు మళ్లీ తగ్గాయి.

ఆమె పెదవులమీద వేలు పెట్టుకుంది.

“ష్! పాటండీ. మర్యాద.”