నలభై ఎవరికీ అక్కర్లేదు

ఓక్లహోమాలో ఒక చిన్న ఊరు, లాయిడ్ టిడ్వెల్ తుపాకుల కొట్టు, పొద్దున పది. ఇరవై ఏడేళ్ళు షెరీఫ్ ఆఫీసు పోలీసులకు, అంటే డిప్యూటీలకు, కాల్పులు నేర్పి రిటైరైన వెర్నన్ స్టోక్లీ కౌంటరు ముందు స్టూలు మీద ఎప్పటిలాగే తిష్ఠ వేసి ఉన్నాడు.

"ఛీ ఛీ, ఇదేం పనయ్యా లాయిడ్? నలభై క్యాలిబర్ తూటాల్ని తీసుకెళ్ళి చేపల గాలాల పక్కన పెట్టావా? సిగ్గుండక్కర్లా?"

"మరెక్కడ పెట్టను వెర్నన్? ముందరి అరలో పెడితే దుమ్ము పట్టిపోతోంది. వచ్చినవాడు వచ్చినట్టు తొమ్మిదే అడుగుతున్నాడు."

"తొమ్మిది మిల్లీమీటర్లు! దాంతో ఎలకని కొడితే అది వెనక్కి తిరిగి తిడుతుంది."

"తిడితే తిట్టనీ. ఎఫ్.బి.ఐ. వాళ్ళే నలభైని వదిలేసి తొమ్మిదికి పోయారు. మన షెరీఫ్ ఆఫీసూ పోయింది. వాళ్ళు వదిలించుకున్న రెండు డజన్ల నలభై పిస్తోళ్ళు ఇదిగో, ఈ అద్దాల బీరువాలో పడున్నాయి. నెలకొకటి పోవడం గగనంగా ఉంది. మొన్న ఒకడు కొన్నాడు, ఎందుకయ్యా అంటే కోళ్ళ షెడ్డులో పాముల్ని కొట్టడానికన్నాడు."

"పాముల్నా! ఛీ. జనానికి మణికట్లు మెత్తబడిపోయాయి, అంతే. పేలిస్తే వెనక్కి తన్నే తుపాకీని పట్టుకునే మొనగాడే లేడు ఈ దేశంలో."

"నీ ఇష్టం. అదిగో, డార్లా వస్తోంది. నీకోసమే అనుకుంటా."

"నాకోసమా? లేనని చెప్పు."

"ఎలా చెప్పను? అద్దం తలుపులోంచి నిన్నే చూస్తోంది."

"గుడ్ మార్నింగ్ వెర్నన్ సార్. డార్లా క్విలెన్ని. గుర్తున్నానా?"

"స్కూలు బస్సు తోలుతావు కదా, ఎందుకు గుర్తులేవూ."

"బస్సుకి ముందు పదకొండు నెలలు డిప్యూటీని. మీరే నేర్పారు. మీరే పంపించేశారు."

"నేను పంపించలేదమ్మాయ్, పరీక్ష పంపించింది. ఎనభై రావాలి. నీకొచ్చింది డెబ్బై ఎనిమిది. మూడోసారి కూడా."

"పన్నెండేళ్ళయినా మార్కులు బాగానే గుర్తున్నాయి మీకు. సరే, ఈ కాగితం చూడండి. కొత్త షెరీఫ్ నన్ను మళ్ళీ తీసుకుంటానంటోంది. ఒక్కటే ఖాళీ, ఇవాళ సాయంత్రం ఐదు వరకే గడువు. నా ఫైల్లో మీ చేత్తో రాసిన మాటొకటుంది, 'పిస్తోలు పట్టడానికి పనికిరాదు' అని. రాసినాయనే దాన్ని వెనక్కి తీసుకుంటే తొమ్మిదితో పరీక్ష పెడతానంది. మీ సంతకం కావాలి, అంతే."

"ఈ కాఫీలో ఇంత పంచదార పోశావేంటి లాయిడ్?"

"నువ్వే పోసుకున్నావు."

"సార్."

"వింటున్నా, వింటున్నా. తొమ్మిదితో ఎవరైనా పాసవుతారు. మా అమ్మమ్మ పాసవుతుంది. దానికి నా సంతకమెందుకు?"

"మీ అమ్మమ్మకి అక్కర్లేదు సార్, నాకు కావాలి."

"అసలు మనం నలభై ఎందుకు పెట్టుకున్నామో తెలుసా నీకు? ఆ రోజుల్లో..."

"తెలుసు. గట్టి మనిషికి గట్టి తూటా. వందసార్లు చెప్పారు. పిడి నా వేళ్ళకి అందడం లేదు సార్ అంటే, పిడి తగ్గదు, నువ్వే చేతులు పెంచుకో అన్నారు. అందరూ నవ్వారు."

"సరదాకన్నాను."

"సరదాకే. నేను ఇంటికెళ్ళి వాచిన మణికట్టుకి ఐసు కట్టుకుని, తెల్లారేసరికి మళ్ళీ మీ ముందు నిలబడేదాన్ని. మీ బెల్టుకున్నదేంటి సార్?"

"ఏదో ఒకటి."

"చొక్కా ఎత్తండి చూద్దాం."

"ఆడపిల్లవి, అదేం మాటమ్మాయ్?"

"లాయిడ్, నువ్వు చెప్పు. ఆయన బెల్టుకున్నదేంటి?"

"మధ్యలో నన్నెందుకు లాగుతావు? అదీ... తొమ్మిది. నిరుడు నేనే అమ్మాను."

"ఒరేయ్ లాయిడ్!"

"అడిగింది, చెప్పాను."

"నాకు కీళ్ళ నొప్పులు! తన్నే తుపాకీ ముట్టుకోవద్దని డాక్టరే అన్నాడు!"

"మీ చెయ్యి నొప్పెడితే తుపాకీ మారింది. నా చెయ్యి నొప్పెడితే ఉద్యోగం పోయింది. థూ! ఇక్కడ కూర్చుని జనం మణికట్లని వెక్కిరిస్తున్నారు చూడండి, అసహ్యం పుడుతోంది నాకు."

"సంతకం పడెయ్యి వెర్నన్. నీ సొమ్మేం పోయింది? నలభై పనైపోయింది. దాన్ని పట్టుకుని నువ్వొక్కడివే వేలాడుతున్నావు, అదీ నోటితో."

"నలభై గొడవ కాదు లాయిడ్."

"మరేంటి?"

"ఏం లేదు. నీ పని నువ్వు చూసుకో."

"రెండు మార్కులు సార్. ఒక్క తూటా. చేతికి సరిపడే పిస్తోలిస్తే పాసయ్యేదని రాయండి చాలు. అబద్ధం కూడా కాదు."

"అబద్ధమే."

"ఏంటీ?"

"అలా రాస్తే అబద్ధమవుతుంది. నీకు వేరే పిస్తోలు అక్కర్లేకపోయింది."

"అంటే?"

"నలభైతోనే వచ్చాయి నీకు. ఎనభై నాలుగు."

"మళ్ళీ చెప్పండి."

"మూడోసారి పరీక్షలో మూడు రంధ్రాలు గురిబొమ్మ గీత మీద పడ్డాయి. రంధ్రం గీతకి తగిలితే చాలు, లోపలున్నట్టే లెక్క. అందరికీ అలాగే వేశాను. నీ మూడూ బయట పడ్డట్టు లెక్క వేశాను."

"ఎందుకూ?"

"నలభై ఆడదాని చేతికి లొంగదని అప్పటికే షెరీఫ్ ముందు, ఈ కొట్లో, ఊరంతా చెప్పేసి ఉన్నాను. నువ్వు చూస్తే నేర్చేసుకున్నావు."

"ఆ కప్పు కింద పెట్టు వెర్నన్. నా కొట్లో కాఫీ తాగింది చాలు."

"పెడతా లాయిడ్, అరవకు. అమ్మాయ్, ఆ కాగితమివ్వు, సంతకం పెడతాను. ఎక్కడ పెట్టాలి?"

"ఇది వద్దు. ఇది నాకింకో అవకాశమివ్వమని బతిమాలే కాగితం. లాయిడ్, ఖాళీది ఒకటివ్వు. ఇప్పుడు చెప్పిందంతా రాస్తాడు."

"డార్లా... నీ దగ్గర చెప్పుకున్నాను, చాలదా? అది రాసిస్తే ఈ ఊళ్ళో మొహం ఎవరికి చూపించుకోను?"

"పన్నెండేళ్ళు నేను చూపించుకోలేదూ? రాయి."