సూర్యుడు మాట విన్న మధ్యాహ్నం

వీరాయమ్మ టీ బడ్డీ ముందు బల్లమీద కూర్చుని, రిటైర్డ్ ప్రిన్సిపాల్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. భుజాన కొత్త శాలువా.

"గాలిని కొలిచే లేజరు వ్యాను రేపు అల్లవరం విడిచి వెళ్ళిపోతోంది. ఇదిగో, ఇక్కడే కూర్చున్న శాస్త్రవేత్త లక్ష్మీతులసి గారిని కృతజ్ఞతాపూర్వకంగా సత్కరించుకోవడం మన విధి. అంతకుముందు, ఆవిడ కృషిలో నా ఉడతాభక్తి సాయాన్ని మనవి చేస్తాను. వ్యాను నిలపడానికి మా కొబ్బరితోటలో చోటిచ్చాను. అంతే."

"అంతేనాండీ?" అన్నాడు రొయ్యల చెరువుల అబ్రహాము.

"అంతే అయితే చెప్పడమెందుకు నాయనా? ఓజోను ఆకాశంలో ఎత్తున ఉంటే మనకు గొడుగు. నేలమీద ఉంటే ఊపిరికి నిప్పు. బండ్ల పొగకు ఎండ తగిలితే పుడుతుంది. లేజరు కాంతిని పైకి వదిలి, తిరిగొచ్చింది ఎంతో చూసి, ఓజోను లెక్క కడతారు. ఒక మధ్యాహ్నం అలా వెళ్ళిన కాంతి తిరిగి రాలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పంచె ఎగ్గట్టి కొబ్బరిచెట్టెక్కాను. చూద్దును కదా, కాంతి జొన్నాడ హైవే మీద లారీల పొగలో చిక్కుకుపోయింది. కొస పట్టుకుని లాగాను. దాంతోపాటు జొన్నాడ ఓజోనూ, రామచంద్రపురం ఓజోనూ వలలో చేపల్లా వచ్చేశాయి."

"ఆయ్! బరువు లేదాండీ?"

"ఉండదూ? చెట్టు సముద్రం దాకా వంగింది. అంతటినీ ఉత్తరీయంలో మూటగట్టి గోదావరిలో జాడించాను. మళ్ళీ పుడుతోంది! ఇక లాభం లేదని సూర్యుణ్ణే అడిగాను: 'ఏమండీ, మధ్యాహ్నం పూట కాస్త తగ్గుతారా?' 'ఆయ్, తమరంతగా చెప్పాలాండీ' అని ఆయన మబ్బు చాటుకు తప్పుకున్నాడు."

వీరాయమ్మ గ్లాసులు కడగడం ఆపింది.

"సూర్యుడు మీ మాట విన్నాడండి, సరే. 'ఉబ్బసం ఉంది, ఎండలో తిరక్కండి మాస్టారూ' అని ఈ అమ్మాయిగారు చెబితే మీరెందుకు వినలేదండీ? ఆ మధ్యాహ్నం మీరు చెట్టెక్కలేదు. ఇదే బల్లమీద రొప్పుతూ పడిపోయేరు. పని ఆపేసి, ఆ వ్యానులోనే మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేరు ఆవిడ. సన్మానం ఆవిడకన్నారు, శాలువా చూస్తే మీ భుజం దిగట్లేదు."

లక్ష్మీతులసి నవ్వు ఆపుకుంటూ తల దించుకుంది.

మాస్టారు లేచి, శాలువా తీసి, రెండు చేతులతో ఆవిడకు కప్పారు.

"సూర్యుడు నాకు బాగా తెలిసినవాడేనమ్మా. కానీ ఆ వేళ నా పక్కన కూర్చుని 'మెల్లిగా ఊపిరి తీసుకోండి' అన్నది మాత్రం మీరు."