సీసా మూత

భోజనాల వేళ. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో వారం నుంచి ఆగిపోయిన కోత యంత్రం ముందు ఇద్దరే ఉన్నారు: దాన్ని నడిపే పెద్దాయన, విచారణకు వచ్చిన ఇంజనీరమ్మ.

"తప్పు నాదేనమ్మా. ఆపబోయి కత్తి దించాను. కింద అట్ట సర్దుతున్న మా బావమరిది వేలు పోయింది. ఇంట్లో మా ఆవిడ మొహం చూడలేకపోతున్నాను. రాసుకోండి, సంతకం పెడతాను."

"పెడుదురుగాని బాబాయ్. కరెంటు తీయించాను. ఒకసారి కళ్లు మూసుకుని, ఆపే బటన్ మీద చెయ్యి పెట్టండి."

"ఇదిగో... అరె, నున్నగా ఉందేంటి?"

"ఏముండాలి?"

"సీసా మూత. ఆపేదీ, కత్తి దించేదీ రెండు బటన్లూ ఒకే సైజు, ఒకే రంగు, పక్కపక్కనే. చేతికి తెలియాలని ఆపేదాని మీద మూత అంటించుకున్నాను. పన్నెండేళ్లయింది."

"మరి ఏమైంది?"

"కంపెనీ పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారని ముందురోజు యంత్రాలన్నీ తుడిపించారు. అప్పుడే పోయుంటుంది. మర్నాడు మొదటి అట్టకే ఇలా జరిగింది."

"దీన్ని తుడిచిందెవరు?"

"అదిప్పుడెందుకులెండమ్మా."

"చెప్పండి, ఫరవాలేదు."

"మా బావమరిదేనమ్మా."

"అయితే తప్పు ఆయనదా?"

"ఛఛ! వాడికేం తెలుసు పాపం? మరకనుకుని గీకేసుంటాడు."

"అలాగే మీ తప్పూ కాదు. ఒకేలాంటి బటన్లు పక్కపక్కన పెట్టడమే తప్పని రాస్తాను. ఆపేదాన్ని ఎర్రగా, అరచేయంత, దూరంగా పెట్టిస్తాను."

"పెట్టించండమ్మా. మూత సంగతి మాత్రం వాడి చెవిన పడనివ్వకండి. వాడికి వేలు పోయిన బాధ చాలు."