రన్ అంటే పరుగొక్కటే కాదు

"రత్తమ్మా, ఇంకో టీ పొయ్యి," అన్నాడు భవానీప్రసాద్ మాస్టారు, టీకొట్టు బెంచీ మీద సర్దుకుని కూర్చుంటూ. "ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ఇంటర్వ్యూ సంగతి చెప్తా, వినండి. అప్పటికి జగ్గయ్యపేటలో నా ఇంగ్లీషు ట్యూషన్ మూతపడే రోజులు. పొద్దున్నే బెంచీలు తుడుచుకుని కూర్చునేవాణ్ణి, ఒక్కడొస్తే ఒట్టు. యాభై దాటాక గుమాస్తా పనికి వెళ్ళా. లోపల ఒక తెల్లదొర కూర్చున్నాడు. 'భవానీప్రసాద్, రన్ అంటే ఏంటి?' అన్నాడు. తడుముకోకుండా పది అర్థాలు చెప్పా."

"పదేనా!" అన్నాడు లారీ డ్రైవర్ బాలస్వామి.

"అది మొదటి గుక్కలోనయ్యా! మోటారు ఆడినా రన్నే, ముక్కు కారినా రన్నే, చీర రంగు దిగినా రన్నే. సర్పంచికి మనవాడు నిలబడతాడా, ఇంగ్లీషువాడికి అదీ రన్నే! నిలబడ్డవాణ్ణి పరిగెత్తాడంటాడు! మధ్యాన్నానికి నూటయాభై చెప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషన్లు ఆపేసి జనమంతా కిటికీల కాడికి వచ్చేశారు. లారీలు నందిగామ దాకా ఆగిపోయినయ్."

"మరి నా బండి ఆగలేదే!"

"నువ్వు వెనకాల జి.కొండూరు కాడున్నావులే. మూడో రోజుకి లండన్ నించి డిక్షనరీవాళ్ళు హెలికాప్టరేసుకుని చందర్లపాడు మిరప కల్లాల్లో దిగారు. ఆ గాలికి కాయలు లేచిపోయి ఏట్లో పడి కృష్ణ మొత్తం ఎర్రబడింది. 'అయ్యా, ఇక ఆపండి, మా పుస్తకంలో కాగితాలు చాలవు' అని కాళ్ళు పట్టుకున్నారు. దొర లేచి తన కుర్చీ నాకు చూపించాడు. నేనే వద్దన్నా. నా ట్యూషన్ పిల్లలేం కావాలి?"

అందరూ నవ్వారు. ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న బెన్ని నవ్వలేదు. అతను ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే.

"మాస్టారూ, ఆరోజు మనిద్దర్నీ కలిపే పిలిచారండి. దొర లేడు, తెలుగాయనే అడిగాడు. మీరు నోరు తెరిచారు, మాట రాలా. చొక్కా చెమటతో తడిసిపోయింది. మంచినీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళి మళ్ళీ రాలా. తర్వాత నన్నడిగారు. మీరు రాయించినవన్నీ చెప్పా. ఉద్యోగం నాకిచ్చారు."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు.

"అన్నీ వచ్చు బెన్నీ. ఇరవయ్యేళ్ళు పిల్లల చేత చెప్పించా. నన్నెవరూ ఎప్పుడూ అడగలా. అడిగేసరికి గొంతు పట్టేసింది." బెన్ని వైపు వంగి, "మా ఆవిడతో మాత్రం అనకు. ఉద్యోగమిస్తానన్నా నేనే కాదన్నానని చెప్పుకున్నా," అన్నాడు.

బెన్ని తల దించుకున్నాడు. "అమ్మగారికి తెలుసండి. ఆరోజు సాయంత్రమే మా ఇంటికొచ్చి అడిగారు. అంతా చెప్పేశా."

మాస్టారు బెంచీ మీంచి లేచాడు.

"ఆరేళ్ళయిందిరా," అన్నాడు. "ఆవిడ ఒక్క మాటన్నా అనలేదే!"