తొమ్మిదో మార్పు

పాండురంగం కంప్యూటర్ సెంటరులో టైపిస్టు. పొద్దున పదిన్నరకు ఆయన్ని కుర్చీలో చూడడం కష్టం. కాలేజీ గేటు ఎదురుగా చిలుకమ్మ ఛాయ బండి దగ్గర చూడడం మాత్రం చాలా సులువు. ఎనభై ఆరు జూలైలో, కంప్యూటరుకు పని చెప్పే ఫోర్ట్రాన్ భాష కొత్త రిలీజు సెంటరుకు వచ్చిన వారం, ఆయన అక్కడే బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. ఎదురుగా సెంటరు అటెండరు రాయమల్లు, కొత్తగా చేరిన ఆపరేటరు రాంచందర్ ఉన్నారు. బల్ల చివర ప్రోగ్రామరు నిర్మల కూచుంది. ఒళ్ళో చేత్తో రాసిన కాయితాల కట్ట ఉంది. పాండురంగం సారు ముచ్చట అయిపోతే టైపుకు ఇద్దామని చూస్తోంది.

ఆ కాయితాలు కొత్త రిలీజులో ఏమేం మారిందో చెప్పే నోటు. ఈసారి అది కాలేజీలో ఆగదు, హైదరాబాదు దాకా పోతుంది. దాని కింద 'తయారుచేసినవారు' అని ఎవరి పేరు వేయాలో రేపు పదింటికల్లా చెప్పమని సెంటరు హెడ్డు కిషన్ రావు అడిగారు. ఆ పేరు తనదే కావాలని పాండురంగానికి మహా కోరిక. అందుకే "ఇంతకు ముందు రిలీజు వచ్చినప్పుడు ఎవలు రాసిండ్రు సారూ?" అని రాంచందర్ అడగడమే ఆలస్యం, అందుకున్నాడు.

"ఎవలు రాసిండ్రంటవేంది తమ్మీ, ఇగో నీ ముందట కూసున్న గద. ఈ కాయిదం చూడు, నాలుగేండ్ల సంది నా అంగి జేబులనే ఉంటది. ఎనభై రెండు, జూన్ నెల. రెండు పేజీలు, పద్నాలుగు మార్పులు, కింద ఏం పేరున్నది? చదువు, గట్టిగ చదువు. పాండురంగం. గంతే. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మా సుగుణను అడుగు, ఇంట్ల నోరే తెరువ. నేను చేసిందేంది, రెండు పేజీలు ఒక్క పూటల స్టెన్సిలు కొట్టిన, ఒక్క తప్పు రాలే. చిన్న పని."

"చిన్న పనే," అన్నాడు రాయమల్లు.

"చిన్న పని ఎట్లయితది రాయమల్లూ? స్టెన్సిలంటే మైనం కాయిదం తమ్మీ, రాంచందర్, నువ్వు విను, వీనికి చెప్పి లాభం లేదు. అక్షరం తప్పు వడ్డదంటే దాని మీద మందు పూసి, ఆరవెట్టి, మల్ల కొట్టాలె. ఆ దినం మందు సీస ఎండిపోయింది. స్టోరుల అడిగితే ఇండెంటు పెట్టుమన్నరు, ఇండెంటు పెడితే దసరాకు వస్తదన్నరు. అప్పుడు నేనేం జేసిన? ఇంటికి పొయ్యి మా సుగుణ గోళ్ళ రంగు సీస కొత్తది పట్టుకొచ్చి మిషిను పక్కన పెట్టుకున్న. గోళ్ళ రంగు పూసినా గదే పని చేస్తది, టైపోళ్ళందరికి ఎరుకే. తెచ్చుడైతే తెచ్చిన గని మూత తియ్యలే. తప్పు వడితెనే గద తీసేది? ఆ సీస ఇప్పటికి నా డ్రాయరుల సీలుతోని ఉన్నది. కావాల్నంటే చూపిస్త."

చూపించమని ఎవరూ అడగలేదు. చిలుకమ్మ పొయ్యి ఊదుకుంటూ ఉంది.

"అసలు ముచ్చట గది కాదు. అసలు ముచ్చట ఏందంటే, ఆ నెలనే కంప్యూటరుల పాత ఫోర్ట్రాన్ భాష తీసి కొత్తది ఎక్కిచ్చిండ్రు. ఎక్కిచ్చిన మూడో నాడు పరీక్షల రిజల్టు లిస్టు వచ్చింది మిషినుల నుంచి, బారెడు కాయిదం. గోడకు అంటిచ్చి చూస్తే ఏముంది? ఫెయిలైనోళ్ళ పేర్లన్ని సక్కగ ఉన్నయి, ఎవలకు ఏ సబ్జెక్టు పోయిందో పక్కన ఉన్నది. అన్ని పాసైనోళ్ళ పేర్లే లేవు. ఒక్కటంటె ఒక్కటి లేదు. ఫస్టొచ్చిన పిల్ల పేరు సుత లేదు. రెండు సబ్జెక్టులు పోయినోడు లిస్టుల పేరున్నదని మిఠాయిలు పంచుతాండు, అన్ని పాసైనోళ్ళు గోడ కాడ నిలవడి ఏడుస్తాండ్రు. నేను నా కొలువుల గసొంటి దినం చూడలే."

నిర్మల తాగుతున్న గ్లాసు కింద పెట్టింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కిషన్ రావు సారు చెమటలు వట్టి కూసున్నడు. కొత్త భాషల ఏమేం మారిందో చెప్పేటందుకు కంపెనోళ్ళు ఒక పుస్తకం పంపిండ్రు, ఇటుకంత మందం. దాన్ని ముట్టుకోవాల్నంటెనే అందరికి భయం. 'పాండురంగం, నువ్వే దిక్కు' అన్నడు సారు. నేను పేజీలు తిప్పలే తమ్మీ. పుస్తకం ముక్కు కాడ పెట్టుకొని, కింది కెల్లి మీది దాంక ఒక్కసారి వాసన చూసిన. 'ఇగో, ఈడున్నది దొంగ' అన్న. తెరిస్తే గదే పేజి. పద్నాలుగు మార్పులల్ల తొమ్మిదోది. పేర్లు మింగింది గదే."

"వాసనతోనే దొరికిందా సారూ?" అన్నాడు రాంచందర్.

"ఇరవై ఏండ్ల టైపు తమ్మీ. తప్పుకు ఒక వాసనుంటది, ఒప్పుకు ఒక వాసనుంటది. ఇగ కూసున్న టైపుకు. ఏం కొట్టిన అనుకున్నవ్, మిషిను వేడెక్కి మీటలు ఎర్రగైనయి. ఈ రాయమల్లే, తడి గోనెసంచి పట్టుకొని నా ఎన్కనే నిలవడ్డడు, మిషిను మీద కప్పుకుంట. ఏం రాయమల్లు, చెప్పరాదు?"

"నేనా నెల కాలు విరిగి దవాఖానల ఉన్న సారూ."

"దవాఖానల ఉన్నవ్ గని నీ మనసు ఈడనే ఉండె. ఆ మనసే తడిపింది. సరే, రెండు వందల కాపీలు తీసినం. ఆ తొమ్మిదో లైను చదివి ప్రోగ్రాము సరి చేస్తే మర్నాడు పేర్లన్ని వచ్చినయి, ఏడిచినోళ్ళు నవ్విండ్రు. ఇంకొకడైతే గక్కడ ఆగేటోడు. గని నా కాయిదం ఆగలే. కాజీపేట పిలగాండ్లు రెండు కాపీలు పట్టుకపోయిండ్రు. ఆడికెల్లి రైలెక్కి డోర్నకల్ పోయింది. డోర్నకల్ల స్టేషన్ మాస్టరు చదివి, ఇంత మంచి కాయిదం అని, రైళ్ళ టైము బోర్డు పక్కన అంటిచ్చిండు. ఇగ డ్రైవర్లు బండి ఆపి దిగి చదువుడు మొదలుపెట్టిండ్రు. తొమ్మిదో లైను కాడికి వచ్చేసరికి సీటీ కొట్టినా కదులుత లేరు. ఆ నెల బండ్లన్ని రెండేసి గంటలు లేటు."

"ఆ బండ్లు అంతకుముందు సుత రెండు గంటలు లేటే గద సారూ," అన్నాడు రాయమల్లు.

"అంతకుముందు ఉత్తగ లేటు. అప్పుడు చదువుకొని లేటు. ఫరకు లేదా? విను. అందుల ఒక బండిల బొంబాయి పోయేటాయన ఉన్నడు, కంపెనీ మనిషి. ఆయన చేతుల వడ్డది నా కాయిదం. బొంబాయి పోయింది. బొంబాయి నుంచి అమెరికా పోయింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పోస్టాఫీసు నుంచి మనిషి ఉరుక్కుంట వచ్చిండు, పాండురంగం సారుకు ట్రంకు కాలని. పొయ్యి ఎత్తుకున్న. అవుతలి నుంచి ఆ భాష తయారుచేసినాయన, పెద్దమనిషి, గొంతు వణుకుతాంది. 'సారూ, మా భాషల మేమేం మార్చినమో మాకే సక్కగ తెల్వకుండె, నీ తొమ్మిదో లైను చదివినంక తెలిసింది' అన్నడు."

"తెలుగుల అన్నడా?"

"ఏ భాషల అంటే ఏంది తమ్మీ, ఏడిస్తే అందరిది ఒక్కటే భాష. 'మీరు ఊఁ అనేదాంక దునియల కంప్యూటర్లన్ని ఆపివెట్టినం సారూ, విమానాలు గాలిలనే తిరుగుతానయి, బ్యాంకులు తాళాలు తియ్యలే, జర మీ కాయిదం కరెక్టేనని ఒక్క మాట అనుండ్రి' అన్నడు. నాకు ఫికర్ లేదు. 'జర ఆగుండ్రి, చిలుకమ్మ ఛాయ వెడ్తాంది, తాగి చెప్త' అన్న. నలభై నిమిషాలు. ప్రపంచమంతా నలభై నిమిషాలు నా ఛాయ కోసం ఆగింది."

"నలభై నిమిషాలు ఉడికితే అది ఛాయ కాదు సారూ, కషాయం," అంది చిలుకమ్మ.

"నీ ఛాయ ఎప్పుడు కషాయమే గద అక్కా. తాగి, మూతి తుడుచుకొని, 'కరెక్టే' అన్న. విమానాలు దిగినయి. అందుల ఒకటి సక్కగ మన పక్కన మామునూరు విమానాల మైదానంల వచ్చి దిగింది. అందుల నుంచి ఆరుగురు కోట్లేసుకొని దిగి నా టైపు మిషినుకు దండేసిండ్రు. 'సారూ, ఈ భాషకు ఫోర్ట్రాన్ అన్న పేరు తీసేసి పాండురంగం అని పెడ్తం, ఒప్పుకోండ్రి' అన్నరు. కాళ్ళు వట్టుకున్నరు. నేనన్న, వద్దు నాయినా, ప్రోగ్రాము కొట్టే కార్డు మీద ఎనభై అక్షరాల జాగనే ఉంటది, నా పేరు ఇంటిపేరుతోని కొడితే సగం కార్డు గదే మింగుతది, పిలగాండ్లకు కష్టం. పేరు కోసం చేసిన పని కాదు నాయినా ఇది అన్న. మా సుగుణకు సుత చెప్పలే ఈ సంగతి."

రాంచందర్ చేతిలో ఛాయ చల్లారిపోయింది. నమ్మాలో నవ్వాలో అతనికి తెలియడం లేదు. పాండురంగం ముఖం వెలిగిపోతోంది. పాత కాయితం మడతలు సాఫు చేసి మోకాలి మీద పరుచుకున్నాడు.

"గందుకే అంటాన తమ్మీ, రేపు పదింటికి సారుకు ఎవల పేరు చెప్పాల్నో నా నోటితోని నేను చెప్పుకోవాల్నా? అనుభవం ఎవలకున్నది, అమెరికా ఎవలను అడిగింది? నిర్మలమ్మా, ఆ కాయిదాలు ఇటియ్యి. కింద పేరు నేనే కొట్టుకుంట, నీకెందుకు తక్లీఫ్."

"ఇస్త సార్," అంది నిర్మల. "ఒక్కటి అడుగుత. ఆ తొమ్మిదో మార్పు ఏంది?"

"ఏందంటే, చెప్పిన గదమ్మా. పేర్లు మింగింది."

"ఎట్ల మింగింది?"

పాండురంగం కాయితం వైపు చూశాడు. తాను కొట్టిన ఇంగ్లీషు లైనే అది. ప్రతి అక్షరం సరిగ్గా ఉంది. ఏ అక్షరమూ ఆయనకు ఏమీ చెప్పలేదు. "అది మిషిను లోపలి సంగతమ్మా," అన్నాడు. "ఛాయ బండి కాడ చెప్పేది కాదు. చెప్పినా ఈడ ఎవలకు సమజైతది?"

"నాకు ఎరుకే," అంది చిలుకమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. చిలుకమ్మకు సంతకం కూడా రాదు. ఆమె ఖాళీ గ్లాసులు నాలుగు తీసి బల్ల మీద వరసగా పెట్టింది.

"పాత భాష ఉన్నదే, దానికి ఎంతమందికి ఛాయ పొయ్యాల్నో చెప్తం. ముగ్గురంటే మూడు గ్లాసులు పోస్తది. ఎవ్వలు లేరంటే సుత ఒక గ్లాసు పోసి, అటెన్క చూసుకుంటది, అయ్యో ఎవ్వలు లేరా అని. కొత్తది అట్ల కాదు, ముందుగాల్నే చూసుకుంటది. ఎవ్వలు లేకుంటే గిన్నె ముట్టదు. గదే మార్పు. ఇగ ఆ లిస్టు ఎట్ల రాసిండ్రు? పోయిన సబ్జెక్టు ఒక్కొక్కటి రాసేటప్పుడే దానితోని పేరు సుత రాయమన్నరు. అన్ని పాసైన పిలగాండ్లకు పోయినయి ఎన్ని? సున్న. పాతది సున్నకు సుత ఒక గ్లాసు పోసినట్టు ఒకపారి రాసేది, పేరు వచ్చేది. కొత్తది గిన్నె ముట్టలే. పేరు రాలే."

రాంచందర్ నోరు తెరిచి గ్లాసుల వైపు చూస్తూ ఉండిపోయాడు. "గంతేనా," అన్నాడు చివరికి. "నీకెవలు చెప్పిండ్రు అవ్వా?"

"ఇగో, ఈ బిడ్డ. ఫస్టొచ్చిన పిల్ల, లిస్టుల పేరు లేని పిల్ల ఈమెనే. గోడ కాడ ఏడిచి ఈడికే వచ్చింది. ఆ ఇటుకంత పుస్తకం ఈ బల్ల మీద పెట్టుకొని మూడు దినాలు చదివింది. తెలిసిందాక లేవలే. తెలిసినంక నా గ్లాసులు ముందట పెట్టుకొని నాకు చెప్పి చూసింది. నాకు సమజైతె అందరికి సమజైతదని, అప్పుడు రాసింది."

పాండురంగం ముఖం నల్లబడింది. నాలుగేళ్ళలో ఆయన ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు, నిర్మల ముందు చెప్పడం మాత్రం ఇదే మొదలు. తనే కథను నిజమని నమ్మేసి, బల్ల చివర కూచున్నది ఎవరో మరిచిపోయాడు.

నిర్మల గొంతులో కోపం లేదు. కానీ నాలుగేళ్ళుగా దాచుకున్న బాధ ఉంది, దాని కింద ఆమె గర్వం కూడా ఉంది, అది ఇవాళ దాగలేదు.

"రాసి తెచ్చి మీ చేతికే ఇచ్చిన సార్. కింద నా పేరు రాసిన. మీరు ఆ పేరు చూసి, గోడ మీది లిస్టు చూసి, 'లిస్టుల పేరు లేనోళ్ళ పేరు ఆఫీసు కాయిదం మీద ఎట్ల కొడ్తమమ్మా' అన్నరు. నేను సరే అన్న. అప్పుడు నాకు అది న్యాయమే అనిపించింది. మర్నాడు లిస్టుల నా పేరు వచ్చింది. మీ కాయిదం మీదికి మాత్రం రాలే."

ఆమె లేచి కాయితాల కట్ట తెచ్చి ఆయన పక్కన బల్ల మీద పెట్టింది. చివరి పేజీ పైకి ఉంది. కింద గుండ్రటి అక్షరాల్లో ఆమె పేరు ఉంది.

"ఇప్పుడు లిస్టుల పేరున్నది సార్," అంది. "కొట్టుండ్రి."

పాండురంగం తన పాత కాయితాన్ని అరచేత్తో రెండుసార్లు తుడిచాడు. పైకి చూడకుండా, "ఏమన్న అనుండ్రి. నేను కొట్టిన దాంట్ల ఒక్క తప్పు లేదు," అన్నాడు.

రాయమల్లు వంగి ఆ కాయితం చూశాడు. అట్టడుగున ఉన్న పేరు మీద వేలు పెట్టాడు.

"ఒకటున్నది సారూ," అన్నాడు. "డ్రాయరుల సీస మూత తియ్యుండ్రి."