ఇయ్యాలటికి బెల్లం సాక

ఏందడిగినవ్ బిడ్డా? ఊరంత పోచమ్మకు కల్లు సాక పోస్తే మనింట్ల బెల్లం నీళ్లెందుకు పోస్తమనా? కూసో, చెప్త. గా చాట ఇటియ్యి, జొన్నలు చెరుక్కుంట చెప్త.

మీ తాత మంచోడే. మంచోడు గాదని నేనెన్నడన్లె. నాగలి కట్టిండంటే ఇద్దరి పని ఒక్కడే జేస్తుండె. కని గప్పట్ల సర్కారు సారా దుకాణం ఊరి నడుమనే ఉండె. మొదలు పండుగలకే తాగుతుండె. మెల్లమెల్లగ పండుగ రోజూ వచ్చుడు మొదలువెట్టింది.

ఒట్లకు తక్వ లేకుండె. మీ నాయిన అప్పుడు తప్పటడుగులేస్తుండె, వాని నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు. ఝరాసంగం గుడి గుండంల మునిగి తడిబట్టల మీద ఒట్టేసిండు. తప్పినప్పుడల్ల ఒట్టు తప్పిన పాపం యాదికొచ్చి ఇంకింత తాగుతుండె. ఆఖరుకు దవాఖానల డాక్టరు చెప్పిండు, కార్జం ఉబ్బింది, ఇంక తాగితే మనిషి దక్కడని.

గా దినమే. దవాఖానలకెళ్లి వస్తుంటే జహీరాబాద్ బజార్ల నడువ చాతగాక ఒక దర్జీ దుకాణం మెట్ల మీద కూలవడ్డడు. గప్పుడు మనూరికి బస్సు కిరాయి ఆఠాణ... కాదు కాదు, బారాణ అయ్యింది గా ఏడే. ఏమంటున్న? ఆఁ, దర్జీ. రషీద్ భాయ్ అని, గడ్డం నెరిసిన మనిషి. నీళ్లిచ్చిండు. ఈయన చేతులు వణుకుడు జూసి, "చెల్లె, నా చేతులు గూడ గిట్లనే ఉండె. సూదిల దారం ఎక్కకపోతుండె. శుక్రారం నా దుకాణం బంద్ ఉంటది. తాగుడు మానాలనుకునేటోళ్లం కొందరం గీడ కూసుంటం. జర తోల్కరా" అన్నడు.

నేనేమనుకున్న? ఏదో మాల ఏస్తరు, దీక్ష ఇస్తరనుకున్న. శుక్రారం తలకు పోస్కొని కొబ్బరికాయ, కర్పూరం, కుంకుమ సంచిల ఏస్కొని పోయిన. జూసి రషీద్ భాయ్ ఒకటే నవ్వుడు. "కాయ కొట్టనీకి గీడ దేవుడు లేడు చెల్లె, తాగుబోతులమే ఉన్నం!" ఒక లారీ డ్రైవర్ ఉండె, కాయ తీస్కొని మెట్టుకు కొట్టి తలో ముక్క వెట్టిండు. నేను బైటనే కూసున్న. లోపల ఎవల ముచ్చట వాళ్లే చెప్పుకుంటున్నరు. ఒకర్నొకరు తిట్టుడు లేదు, బుద్ధి చెప్పుడు లేదు. ఈయన వంతు వచ్చింది. "అందరు జూస్తుంగ ఒట్టేస్త, పానం పోయినా తాగ" అన్నడు.

"వద్దు భాయ్" అన్నడు రషీద్ భాయ్. "ఒట్లు మనం మస్తు ఏసినం. గీడ ఒట్టు లేదు. ఇయ్యాల తాగ అను, చాలు. రేపటిది రేపు జూద్దం."

నా మనసుకు పట్టలే. ఒట్టు లేకుంట మనిషి ఎట్ల నిలుస్తడు? బస్సుల గదే అడిగిన. ఈయన కిటికీల నుంచి బైటికి జూస్కుంట, "ఒక్క దినమైతే మోస్తనేమోనే" అన్నడు.

వాన గొట్టినా శుక్రారం ఆగలే. వణుకుడు తగ్గింది, బువ్వ సయించింది. గంతల బోనాలు వచ్చినయ్.

సాక అంటే ఎరికే గద, పోచమ్మ ముంగట నేల మీద ధార పోసుడు. మనింటి సాక పెద్దకొడుకే పొయ్యాలె. మిగిలింది దోసిట్ల వట్టి తాగాలె, ప్రసాదమది. మా అత్త, మీ తాతను కన్నతల్లి, కల్లు ముంత ఆయన చేతికిచ్చింది. వాసన నాదాక వచ్చింది. ఆయన చేతులు మళ్ల వణుకవట్టినయ్. కాదంటే అమ్మకు కోపం, తాగితే మనిషి దక్కడు. నేనింక ఎవలకు మొక్కాలె?

మా మరిది ఉండి, "ఏమన్నా, దర్జీ దగ్గర కూసుంటే అమ్మోరు గూడ చేదయిందా?" అన్నడు. నలుగురు నవ్విన్రు.

ఈయన ముంత కింద వెట్టిండు. పోచమ్మ దిక్కు జూసి మెల్లగ, "తల్లీ, వద్దంటలేను. ఇయ్యాలటికి వద్దు. రేపటిది రేపు అడుగు" అన్నడు.

డప్పు గూడ ఆగింది. మా అత్త నోరు తెలుసు గద అందరికి, ఊరు అదురుతుండె. గసొంటామె కొడుకు చేతుల దిక్కు జూసింది, జూసింది. బోనం కాడి బెల్లం ముక్క తీస్కొని చెంబు నీళ్లల్ల పిసికింది. తనే ధార పోసింది. "నా కొడుకు ఇయ్యాల తాగడంట తల్లీ. ఇయ్యాలటికి గిది తీస్కో. కోపమొస్తే నా మీద చూపియ్యి" అన్నది. మిగిలింది కొడుకు దోసిట్ల పోసింది. ఆయన తాగుకుంట ఏడ్చిండు. మరిది దిక్కు మర్లి, "నవ్వింది చాలు, నువ్వు గూడ వట్టు దోసిలి" అన్నది. పట్టిండు! పట్టక యాడికి పోతడు?

మర్సటేడు గూడ గామె గదే మాట. ఆమె పోయినంక మీ తాత అన్నడు, ఆయన పోయినంక నేనంటున్న. మళ్ల ఎన్నడు ఒట్టెయ్యలే బిడ్డా ఆయన. పోయేదాక చుక్క ముట్టలే. అమ్మ ఏడాదికోసారి అడుగుతది, మనం ఇయ్యాలటికి వద్దంటం. ఎన్నడు కోపం చెయ్యలే తల్లి.

ఈసారి నా మోకాళ్లు వంగుతలేవు. చెంబు నువ్వు వట్టు. పోసేటప్పుడు గా మాట మరువకు. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు... ఏహె, నూరేండ్లెందుకు. ఇయ్యాలటికి సల్లగుండు. రేపు పొద్దుగాల మళ్ల దీవిస్త...