విడువని ఒక్కపొద్దు

హలో… ఆ, నేనే, సుష్మిత వాళ్ల బాపును. ఎల్లారెడ్డిలనే ఉన్న. ఎవరు బిడ్డా?

… పల్లవివా! తాడ్వాయి పిల్లవు గదా, కామారెడ్డి హాస్టల్ల మా సుష్మిత రూంల ఉండేది? మంచిగున్నరా ఇద్దరు?

… ఏంది? కండ్లు తిరిగి పడ్డదా! దెబ్బ తాకిందా? … దేవుని దయ.

… ఒక్కపొద్దులుంటది గద బిడ్డా, నీరసమైతది. సోమవారం శివునికి, గురువారం బాబాకు, శనివారం హనుమాండ్లకు. నాకంటె దానికే భక్తి ఎక్కువ. గుడిల అందరికి చెప్పుకుంట నేను.

… పొద్దుగూకినంక గూడ తింటలేదా? అట్లెట్ల? దీపం పెట్టి, ఇంత తిని, ఒక్కపొద్దు విడువాలె గదా!

… ఎప్పుడన్న తిన్నా… కక్కుతదా? కావాల్నని?

… ఎన్ని దినాలసంది? … ఎండకాలంసందా!

… అయితే అది ఒక్కపొద్దు కాదు బిడ్డా. దేవుని పేరు అడ్డం పెట్టుకున్నది, అంతే.

… లేదు లేదు, తిడుతలేను. సమజ్ కాక అడుగుతున్న. నీకెట్ల తెలిసింది?

… యూనివర్సిటీల క్లాసు చెప్పిండ్రా? తిండికి గూడ రోగముంటదని? … మాకెవ్వరు చెప్పలే తల్లీ. … చెప్పు, ఏమన్నది ఆ క్లాసు చెప్పిన మేడం?

… తిట్టొద్దు. … బలవంతంగ తినిపియ్యొద్దు. … లావు, సన్నం అనే మాటే ఎత్తొద్దు…

… లేదు, లైన్లనే ఉన్న.

ఎండకాలంల మా పెద్దబిడ్డ పెండ్లయింది. ఫోటో దిగంగ అందరి ముంగట అన్న సుష్మితను— ‘బియ్యం బస్తా, పక్కకు జరుగు, ఎనకోళ్లు కానొస్తలేరు’ అని. నవ్వులాటకే అన్న. అందరు నవ్విండ్రు. అది గూడ నవ్వింది.

… ఈ రోగం ఒక్క మాటతోనే రాదంటదా మేడం? … ఏమో బిడ్డా. నేనైతే అన్న.

… పక్కకే ఉన్నదా? ఇయ్యి.

… సుష్మితా… బాపును. … కోపం లేదు బిడ్డా. … పల్లవినేమనకు, మంచి పని చేసింది. … ఏడువు, ఏం గాదు. ఇంటున్న.

… …

ఇప్పుడే బస్సెక్కి కామారెడ్డికొస్త. మేడం చెప్పిన డాక్టరు దగ్గరికి పోదం. … సరే, లోపలికి పల్లవినే తోలుకపో. నేను బయట కూసుంట.

… డాక్టరుకు అన్నీ చెప్పు. నేనన్న మాట గూడ చెప్పు. … కాదు, చెప్పాలె. బాపు ఇజ్జత్ పోతదని దాయకు.

… ఆ… ఉన్న… నువ్వు ఫోన్ పెట్టేదాక నేను పెట్టను.